పాట పాడిన నీళ్లు

“తాగేదానికి లేని నీళ్లు పాటకు పోస్తావా మామా? బుద్ధుండాదా నీకు?”

“నీళ్లు పైతొట్టిలోంచి దిగతా గాలిని ఇత్తడి గొట్టాల్లోకి తోస్తాయి పాపా. ఆ గాలే పాడేది.”

“పాడినాక నీళ్లు?”

“కింద రాతి సింహాల నోట్లోంచి కారిపోతాయి.”

“కారిపోతాయంట. మా వీధిలో కుళాయి వచ్చి వారమాయ.”

ఆ రోజుల్లో నా తగవులన్నీ నీళ్ల గురించే. (ఇప్పుడూ అంతే, గొంతు మాత్రం కాస్త తగ్గింది.) పెళ్లయిన కొత్తలో గుంతకల్లులో మా వీధి చివరనున్న ఒక పాత బంగళా తోటలో ఇసుక మోసే పనికి కుదిరాను. ఆ తోట నడుమ, నీళ్లు వదిలితే దానంతటదే పాడే ఫౌంటెన్ ఒకటి ఏళ్ల తరబడి మూగగా పడి ఉండేది. దాన్ని బాగుచేస్తున్నవాడు రైల్వేలో రిటైరైన ఫిట్టరు మామ. గొట్టాలన్నీ చింతపండుతో తోమి, పిల్లనగ్రోవిలా ఒక్కోటి ఊది చూసుకునేవాడు. మా తగవు జరిగిన మర్నాడు వచ్చి వింటానని, నచ్చకపోతే ఇత్తడంతా పాతసామాన్లకు వేసేస్తానని బంగళా ఆసామి అన్నాడు. అందుకే మామ ట్యాంకరు తెప్పించి తొట్టి నింపించాడు. ఆ నీళ్లు చూసి నా ప్రాణం కొట్టుకులాడింది.

చివరికి సింహాల నోటి కింద నా బిందెలు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. “ఎవురికీ చెప్పాకు పాపా” అన్నాడు. మొగుడికి కూడా చెప్పలేదు. అంత గట్టిదాన్నని నాకు నమ్మకం. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్ల మీద నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. నా నోరు మూశాను గానీ గొట్టాల నోరు సంగతి ఆలోచించలేదు. మా వీధి కుళాయిలో నీళ్లకు ముందు గాలి వచ్చి ఈల వేస్తుంది. ఆ ఈల వింటే పొయ్యి మీద సంగటి వదిలేసి పరుగెత్తేవాళ్లం.

తెల్లవారి మామ వాల్వు తిప్పాడు. ఫౌంటెన్ ముందు అచ్చం మా కుళాయిలాగే కుయ్యిమంది, తర్వాత చక్కగా ఈల పాట ఎత్తుకుంది. అది సగంలో ఉండగానే వీధి వీధంతా బిందెలతో తోటలోకి వచ్చిపడింది.

మెట్ల మీద నిలబడిన ఆసామి మురిసిపోయాడు. “పాట ఇనేదానికి ఇంతమంది వచ్చినారా? మరి బిందెలెందుకప్పా?”

“ఇంటికి పట్టుకపోతారు సార్” అన్నాడు మామ, నావైపు చూడకుండా.

ఆసామి ఇత్తడి అమ్మలేదు. ఆడవాళ్లు మాత్రం నా బిందెలు తీసి వరుసలో చివర పెట్టారు, “నువ్వు దినామూ ఈడనే ఉంటావు కదమ్మీ” అని. నా వంతు వచ్చేసరికి పాటా ఆగిపోయింది, నీళ్లూ ఆగిపోయాయి.