కాలువకు నీళ్లు వదిలిన వారం

2022 జూన్. విజయవాడ నుంచి గన్నవరం వెళ్లే దారిలో, ఏలూరు కాలువకు దగ్గరగా ఒక ఆసుపత్రి భవనం కడుతున్నారు. రెండంతస్తుల సెల్లారు కోసం పాతిక అడుగుల లోతు తవ్వారు. చుట్టూ మట్టి జారకుండా భూమిలోకి దింపిన ఇనుప రేకుల గోడ ఉంది, దాన్ని షీట్ పైల్ అంటాం. ఆ గోడ కదలికలను కనిపెట్టే సెన్సర్లు అమర్చి చూసుకోవడం నా ఉద్యోగం.

గోడ ఎంత వాలిందో కొలిచేది టిల్ట్‌మీటర్. మట్టిలో నీటి ఒత్తిడి చెప్పేది పీజోమీటర్. అలాంటివి పద్నాలుగు పెట్టాను. అన్నీ వైర్లు లేకుండానే నిమిషానికోసారి నా లాప్‌టాప్‌కి అంకెలు పంపేవి. ఏ అంకైనా హద్దు దాటితే సైట్‌లో సైరన్ దానంతటదే మోగేది.

మే నెలలో సైరన్ రెండుసార్లు ఊరికే మోగింది. మొదటిసారి లారీ వెనక్కి వస్తూ టిల్ట్‌మీటర్‌ను గుద్దింది. రెండోసారి ఎవరో దానికి అన్నం క్యారియర్ తగిలించారు. సైట్ ఇన్‌చార్జి ప్రసాదరావుగారికి విసుగొచ్చింది.

"సుజాతగారూ, ఇక నన్నడక్కుండా అది మోగకూడదండీ," అన్నారు.

సిగ్గుతో తలూపాను. దానంతటదే మోగే ఏర్పాటు తీసేసి, చేత్తో నొక్కే బటన్ పెట్టాను.

కాలువలకు నీళ్లు వదిలిన నాలుగో రోజు ఉదయం, కాలువ వైపు గోడమీద ఒక టిల్ట్‌మీటర్ అంకె పెరగసాగింది. మళ్లీ క్యారియరేమోనని పరుగెత్తి చూశాను. ఏమీ లేదు. తిరిగొచ్చేసరికి పక్కదీ పెరుగుతోంది, దాని కింద పీజోమీటరూ పెరుగుతోంది. ఒక సెన్సర్ పొరపాటు పడొచ్చు. మూడూ కలిసి పొరపాటు పడవు. కాలువ నీరు మట్టిలోకి ఊరి గోడను లోపలికి తోస్తోంది.

గుంతలో ఇరవై ఇద్దరు పునాదికి ఇనుప చువ్వలు కడుతున్నారు.

"సార్, అందర్నీ పైకి పిలవాలండీ."

"కాంక్రీటు బండ్లు దారిలో ఉన్నాయండీ. ఒక్క అరగంట చూద్దాం."

"అరగంటలో ఇంకెంత వాలుతుందో నాకు తెలీదు సార్."

ఆయన ఎవరికో ఫోన్ కలపబోయారు. నేను ఆగలేదు. బటన్ నొక్కేశాను.

ఆయన ముఖం ఎర్రబడింది. ఈలోగా కూలీలు ఒక్కొక్కరే నిచ్చెనెక్కి వచ్చారు. అందర్నీ పంపించి చివర్న వచ్చింది వాళ్ల మేస్త్రి మరియమ్మగారు.

"కాలవ పక్క పొద్దున్నించీ బుడబుడా ఊట వస్తందండీ," అందావిడ ఆయాసపడుతూ. "చెబితే పని ఎగ్గొడతన్నారంటారని ఊరుకున్నాం."

ప్రసాదరావుగారు గుంత అంచుకి వెళ్లి తొంగిచూశారు. నీళ్లతో పాటు ఇసుకా వచ్చేస్తోంది. ఆయన వెనక్కి తిరిగి అరిచారు.

"పొక్లెయిన్లు రెండూ ఇటు తిప్పండి! తవ్విన మట్టి గోడ మొదట్లో పొయ్యండి!"

గోడకు లోపలి నుంచి మట్టి దన్ను ఇవ్వాలన్నమాట. పొక్లెయిన్లు పైనుంచే మట్టి దించుతుంటే నేను గోడ వాలు బిగ్గరగా చదివాను. పదకొండు మిల్లీమీటర్లు. పదమూడు. పద్నాలుగున్నర. కూలీలంతా నా వెనకే నిలబడ్డారు.

పదిహేను. పదిహేను. మళ్లీ పదిహేను.

"ఆగిందాండీ?" అన్నారు ప్రసాదరావుగారు.

"ఆగింది సార్!"

చప్పట్లు, కేకలు, ఈలలు. మరియమ్మగారు తన మనుషుల్ని మరోసారి లెక్కపెట్టుకుని, నన్ను గట్టిగా వాటేసుకుంది. నా చొక్కా నిండా సిమెంటు మరకలు. అంత గర్వంగా నేనెప్పుడూ ఇంటికి వెళ్లలేదు.

నీళ్లు తోడి, గోడకు అడ్డంగా ఉక్కు దూలాలు బిగించి మూడు వారాలకు పని మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి సైరన్ బటన్ గుంత అడుగున, అందరికీ అందేలా పెట్టించాను. ఊట సంగతి అక్కడ నిలబడ్డవాళ్లకు నా పద్నాలుగు పరికరాల కంటే ముందే తెలుసు. చెప్పే దారే మేం వాళ్లకివ్వలేదు.

ఆగస్టులో, పైనెక్కడో కిర్రుమన్న చప్పుడు విని మరియమ్మగారు ఆ బటన్ నొక్కింది. నా లాప్‌టాప్‌లో అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి. అయినా ప్రసాదరావుగారు నన్నొక్క మాట కూడా అడక్కుండా పని ఆపించారు. వెతికితే ఒక ఉక్కు దూలం బోల్టు వదులై కనిపించింది.