నేను దాటేసిన పేజీ

ఆ ఆషాఢంలో నేను దేవుడి ముందు ఒక్క పూట కూడా కుదురుగా కూర్చోలేదు. దీపం వెలిగించి నాలుగు నామాలు పలికేసరికి లేచి వెనక గదిలోకి వెళ్లేదాన్ని. అక్కడ బీడీల ఆకు పెట్టుకునే గోనెసంచి అడుగున ఒక పుస్తకం దాచాను. ఉందో లేదో తడిమి చూసుకుని వచ్చి కూర్చుంటే, ఎక్కడ ఆపానో గుర్తుండేది కాదు.

మాది కరీంనగర్ వైపు నేతపని ఊరు. మగవాళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. ఆడవాళ్లం బీడీలు చేస్తాం. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఇంట్లో నూలు కండెలు చుట్టే పనికి కూర్చోబెట్టారు. పొద్దున్నే స్నానం చేసి బాపు, అంటే మా నాన్న, పూజ చేసుకునే పుస్తకంలోనే నాకు అక్షరాలు చూపించాడు. ఒక్క అక్షరం కూడా మింగకూడదనేది ఆయన పెట్టిన షరతు. కష్టమైన మాట వచ్చిందని దాటేస్తే మళ్లీ పేజీ మొదటికి తీసుకుపోయేవాడు. నాకు దొరికిన మంచి అంతా ఆ అక్షరాల వెంటే వచ్చింది. రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాక బాపుకు కూడా పెట్టుకుంటాను.

మధ్యాహ్నాలు మా అరుగు మీద అయిదారుగురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని చేరతారు. వాళ్లు బీడీలు చుడుతుంటే నేను చదువుతాను. పేపరు, వారపత్రిక కథ, ఏది దొరికితే అది. నా చేతులు పుస్తకం మీద ఉంటాయి కాబట్టి తలా కొన్ని బీడీలు నా చాటలో వేస్తారు. ఇది ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి కాదు, అలా నడుస్తోంది. శ్రావణమాసం వస్తే సాయంత్రాలు మా గుడిలో పురాణం చదివేది కూడా నేనే. ఆ పీట నాకు ఇప్పించింది మా కుల సంఘం పెద్ద. వరసకు మామ అవుతాడు. డిగ్రీ చదివిన వాళ్లు ఉండగా ఈమె ఎందుకని కొందరంటే, గొంతులో భక్తి ఉంది, డిగ్రీతో ఏం పని అని వాళ్ల నోళ్లు మూయించాడు. అది నేను మరిచిపోయే మేలు కాదు.

పుస్తకం పంపింది నిర్మల్‌లో ఉండే నా చెల్లెలు. ఆ వైపు మనిషి, మా నేతవాళ్ల ఆడమనిషే, రాసిన నవల. సాంచాల మీద పనిచేసే ఒకతని భార్య కథ. మొదటి రోజు పది పేజీలు చదివానో లేదో, అరుగు మీద ముసలామె, "గీమె మన వాడకట్టుకు ఎప్పుడొచ్చి సూసి పోయిందే?" అని అడిగింది. అందరూ నవ్వారు. తమ బతుకు అచ్చులో ఉందని విన్నవాళ్ల నవ్వు అది.

కొన్నాళ్లకు ఒక పేజీ వచ్చింది. తాగి తాగి మొగుడు చచ్చిపోతాడు. చుట్టాలంతా వచ్చి ఏడ్చి వెళ్లాక, ఆ భార్య ఏళ్ల తర్వాత మొదటిసారి మధ్యలో మెలకువ రాకుండా తెల్లవారేదాకా నిద్రపోతుంది. గొంతు పై వరస మీద ఉండగానే నా కళ్లు కిందికి పోయి ఇది చూశాయి. ఎదురుగా పక్కింటి వదిన కూర్చుని ఉంది. పోయినేడు ఆమె భర్త కూడా తాగుడుతోనే పోయాడు. అప్పటినుంచి ఆమె అవసరమైతే తప్ప నోరు తెరవడం లేదు. నేను రెండు కాగితాలు కలిపి తిప్పేసి పదకొండో రోజు కర్మ దగ్గర ఎత్తుకున్నాను. ఎవరికీ తెలియలేదు. దయ చూపాననే అనుకున్నాను.

ఆ తర్వాత వారానికి మా కులపు ఫోన్ గ్రూపులో ఒక మాట తిరిగింది. భర్త పోయిన రోజు భార్య హాయిగా నిద్రపోయిందని రాసి మన ఇజ్జత్ తీసిన పుస్తకం ఒకటి వచ్చిందని, ఎవరింట్లో ఉన్నా తెచ్చి సంఘం భవనంలో ఇవ్వాలని. చదివి చెప్పినవాళ్లు ఎవరూ లేరు, విని చెప్పినవాళ్లే అందరూ. నేను భయపడి పుస్తకాన్ని ఎండు ఆకు ఉన్న సంచిలోకి దించాను.

బీడీకి ఆకు మెత్తబడాలంటే ముందురోజే తడిపి పెట్టాలి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని, చేతులకు నన్ను అడగాల్సిన అవసరం ఉండదు. ఒక సాయంత్రం చెంబుతో నీళ్లు తెచ్చి ఆ సంచి మీదే పోసి, నోరు కట్టి వచ్చాను. తెల్లారి గుర్తొచ్చేసరికి పుస్తకం ఉబ్బిపోయి ఉంది. ఏం చేయాలో తోచక డాబా మీద విప్పి, రాళ్లు పెట్టి ఎండబెట్టాను. చుట్టూ అన్నీ డాబాలే, ఎవరో చూశారు. సాయంత్రానికల్లా మామ కబురు పంపాడు.

ఆయన కోప్పడలేదు, కోప్పడితే తేలికగా ఉండేది. ముందు చాయ్ తాగమన్నాడు. పుస్తకం ఇచ్చేసి, ఇక చదవనని సంఘంలో ఒక్క మాట చెబితే చాలన్నాడు. అమావాస్య వరకు ఆలోచించుకోమన్నాడు. ఆ మరునాటినుంచే శ్రావణం.

"గుడిల పురాణం సదివే నోరు బిడ్డా అది," అన్నాడు. "గా నోటితోని గిసొంటియి సదువుతె, రేపు నేను మందికి ఏం చెప్పాలె?"

ఆ రాత్రి మా ఇంటాయన, పుస్తకమే కదా, ఇచ్చెయ్యరాదూ అన్నాడు. ఇచ్చేయాలనే అనిపించింది. మర్నాడు అరుగు మీద అందరూ చేరాక, ఇవాళ పేపరు చదువుతానన్నాను.

వదిన బీడీకి దారం చుడుతూనే అడిగింది. "మొగడు సచ్చినప్పుడు పండుకున్నదని రాసిండ్రట గద. మనం సదివిన దాంట్ల గది ఏడున్నది?"

ఉందని, నేనే దాటేశానని చెప్పాను.

"ఎందుకు?"

"నీ మొకం సూసి, వదినా."

"నన్నడిగినవా?"

పక్కనుంచి ముసలామె అందుకుంది. "సంఘపోళ్లు నిన్న ఆపిండ్రు. నువ్వు మొన్ననే సంఘమైనవ్ గద బిడ్డా." నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో నేను తలెత్తలేకపోయాను. మామ నన్ను చదవొద్దన్నాడని అప్పటిదాకా లోపల కుమిలిపోతున్నాను. అదే పని నేను ఆయనకంటే ముందు చేశాను, అదీ చదివి మరీ చేశాను.

రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. చదివితే పాపమా, దాచితే పాపమా అని దేవుడి ముందు కూర్చుని అడిగాను. బాపు గొంతు తప్ప ఏమీ వినిపించలేదు. మూడో మధ్యాహ్నం పుస్తకం తెచ్చి, ఆ పేజీ మొదటినుంచి చదివాను. తడికి కాగితం గరుకెక్కి బీడీల తునికాకు వాసన వేస్తోంది. ఒక్క అక్షరం మింగలేదు.

వదిన చేతిలోని బీడీ పూర్తిచేసి చాటలో పెట్టింది. "నేను గూడ పండుకున్న," అంది. "పొద్దెక్కినంక లేసిన. ఎవ్వలకు చెప్పలే. నేనొక్కదాన్నే గట్లున్ననేమో అని గుబులు పెట్టుకున్న గిన్నొద్దులు." మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది. "సదువు. తర్వాత ఏమైంది?"

ముసలామె చాట పక్కన పెట్టి వదిన దగ్గరికి జరిగి కూర్చుంది.

అమావాస్య పొద్దున మామ ఇంటికి వెళ్లాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. గుమ్మంలో నిలబడే చెప్పాను, పుస్తకం ఇవ్వనని, చదివానని, మిగతాది కూడా చదువుతానని.

"అంటే శ్రావణం వద్దంటవ్?"

"శ్రావణం గావాలె మామా. గిది గూడ గావాలె. మీరు జర సదివి సూడుండ్రి, తెచ్చిస్త."

"నాకెందుకది?" అన్నాడు. "రెండూ గావాలంటె గాదు బిడ్డా," అని లోపలికి వెళ్లిపోయాడు.

మొదటి సోమవారం సాయంత్రం గుడి మైకులో వేరే గొంతు వినిపించింది. డిగ్రీ చదివిన అమ్మాయి, చక్కగానే చదువుతోంది. నేను లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి వెళ్లి ఆడవాళ్ల వెనక వరసలో కూర్చున్నాను. చదివే పీట వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. పురాణం ముగిశాక మామ తానే ప్రసాదం పంచుతూ నా దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే నా దోసిట్లో కాస్త ఎక్కువే పెట్టాడు.

"మనసు మారిందా?" అని మెల్లగా అడిగాడు.

"లే మామా."

ఆయన తలూపి పక్క మనిషికి పెట్టడానికి కదిలాడు. ప్రసాదం కళ్లకద్దుకున్నాను. ఆయన మీద నాకున్న కృతజ్ఞత రవ్వంత కూడా తగ్గలేదు. తగ్గి ఉంటే ఆ పూట నాకు కాస్త సుఖంగా ఉండేది.