గిటారు అంచున గాడి

రాజమండ్రి ఇన్నీసుపేటలో చిన్న షెడ్డు అద్దెకి తీసుకుని తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి చంద్రరావు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా గిటారు లోపల ఏముంటుందో ఆయనకి తెలియదు. 1999లో సత్యకుమారి అనే సంగీతం టీచరు మెడ ఊడిపోయిన గిటారొకటి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. జిగురు పెట్టి బిగించి ఇచ్చాడు. ఆ మాట చర్చిలకీ కాలేజీలకీ పాకింది. మూడేళ్లలో ముప్ఫై పైచిలుకు గిటార్లు బాగుచేశాడు. దేన్ని విప్పినా లోపలి బద్దల కొలతలు అట్టముక్క మీద రాసుకునేవాడు. వాయించడం మాత్రం రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు.

2002 వేసవిలో సత్యకుమారి మళ్లీ వచ్చింది. "నాకో గిటారు కావాలి చంద్రరావుగారూ. మొత్తం మీరే చెయ్యాలి."

"నేనెప్పుడూ చెయ్యలేదండి."

"మొదటి తలుపు చేసే ముందు మాత్రం చేశారేంటండీ?"

చంద్రరావు ఒప్పుకున్నాడు. పడగొట్టిన పాత బంగళా నుంచి దేవదారు పలక సంపాదించి పైభాగం చేశాడు. పనస చెక్కని పలచగా తీసి, వేడినీళ్లలో నానబెట్టి వంచి పక్కలు చేశాడు. రెండు నెలలకి పెట్టె తయారైంది. అంచుల దగ్గర పని ఆగింది. పైపలకా పక్కచెక్కా కలిసేచోట చుట్టూ సన్నటి గాడి తీసి, అందులో ప్లాస్టిక్ పట్టీ అతికించాలి. పట్టీ లేకపోతే చిన్న దెబ్బకే అంచు పగులుతుంది, వానాకాలంలో చెమ్మ లోపలికి దిగుతుంది. గాడి వెడల్పు రెండు మిల్లీమీటర్లు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాకూడదు.

ముందు ఒక పాత గిటారు ముక్క మీద చేత్తోనే ప్రయత్నించాడు. రంపపు బ్లేడు ముక్కని సానబట్టి ఒక చెక్కకి బిగించి, గీత కొట్టినట్టు అంచు వెంబడి లాగాడు. తిన్నగా ఉన్నచోట బాగానే తెగింది. నడుము వంపు దగ్గరికి వచ్చేసరికి బ్లేడు ఆయన మాట వినకుండా చెక్క నార వెంట పోయింది. అది పనికిరాని ముక్క కాబట్టి సరిపోయింది. ఇక మెషీను కొనక తప్పదనుకున్నాడు.

తిరిగే మెషీనంటే చంద్రరావుకి సరిపడదు. ఇరవయ్యో ఏట ఒక కోతమిల్లులో ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఆ తర్వాత షెడ్డులోకి డ్రిల్లు తప్ప మరో మెషీను రానివ్వలేదు.

మెయిన్ రోడ్డులో ఉదయభాస్కర్‌కి హార్డ్‌వేర్ షాపుంది. ఆయన మూడు మెషీన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి చెక్కలో గాడి తీసే పెద్ద రూటరు. చంద్రరావు దాన్ని ఎత్తి చూసి పక్కన పెట్టేశాడు. అంత బరువు సన్నటి అంచు మీద నిలబడదు, ఒరుగుతుంది. మిగిలిన రెండూ సన్‌మైకా అంచులు కోసే చిన్న ట్రిమ్మర్లు. జపాన్‌ది బాగుంది గానీ ధర అందుబాటులో లేదు. చైనాది అందులో మూడో వంతు.

"దీనికి గ్యారంటీ లేదండి," అన్నాడు ఉదయభాస్కర్. "ఏడాది వస్తే మీ అదృష్టం."

చంద్రరావు దాని ఇరుసుని వేళ్లతో తిప్పి ఊగుతోందేమో చూశాడు. ఊగలేదు. "ఇదివ్వండి. బిట్టు మాత్రం మంచిది తెప్పించండి, కొసకి చిన్న చక్రం ఉండేది. చెక్కని తాకేది మెషీను కాదు కదండీ, బిట్టు."

బిట్టు విజయవాడ నుంచి రావడానికి వారం పట్టింది. చక్రం పెట్టె పక్కని ఆనుకుని దొర్లుతుంటే, బిట్టు అనుకున్న వెడల్పు మేరకే కోస్తుంది. ట్రిమ్మరు బయటికి తీసిన రోజు ఆయన భార్య నాగదుర్గ కాఫీ తెచ్చి, గ్లాసు తీసుకెళ్లకుండా స్టూలు మీద కూర్చుంది.

"ఇంట్లో పని లేదా?" అన్నాడు.

"ఉంది. మీ వేళ్లు చూసి వెళ్తాను."

మొదటి పరీక్ష ఒక పాడైన గిటారు మీద చేశాడు. గిటారు వీపు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. దాని మీద మెషీను వాలి, గాడి ఏటవాలుగా వచ్చింది. నాలుగు రోజులు ఆలోచించాడు. చివరికి సొరుగులు జారడానికి వేసే ఇనుప చానెల్ ఒకటి తీసుకుని నిలువుగా పలకకి బిగించి, ట్రిమ్మరుని దానికి కట్టాడు. ఇప్పుడది వాలకుండా పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. కింద బల్ల మీద పెట్టెని జరుపుకుంటూ పోవడమే. చేతులు బిట్టుకి జానెడు దూరంలో ఉంటాయి. ఆ రోజూ వచ్చి కూర్చున్న నాగదుర్గ అది చూశాకే ఇంటికి వెళ్లింది.

అసలు పెట్టె మీద మూడు వంతుల గాడి అనుకున్నట్టే వచ్చింది. నడుము దగ్గర ఉండగా కరెంటు పోయింది. చెమట తుడుచుకోవడానికి పెట్టె వదిలాడు, స్విచ్చి ఆపడం మరిచిపోయాడు. మళ్లీ పెట్టెని సర్దుతుండగా కరెంటు వచ్చేసింది. బిట్టు ఒక్కసారిగా తిరిగి, పక్కచెక్కలో బొటనవేలి గోరంత ముక్కని లేపేసింది. వేళ్లకి ఏమీ కాలేదు. ఆయన ప్లగ్గు పీకేశాడు.

మర్నాడు సత్యకుమారిని పిలిపించి ఆ చోటు చూపించాడు. "తప్పు నాదేనండి. పక్కచెక్క మొత్తం మార్చమంటే మారుస్తాను, ఇంకో నెల పడుతుంది. లేదంటే ముక్క అతుకుతాను."

ఆమె లేచిపోయిన చోట వేలు పెట్టి చూసింది. "అతికితే నాదం మారుతుందా?"

"మారదండి. కనపడుతుంది."

"కనపడనివ్వండి. నెల ఆగలేను."

ఆ పనస చెక్కలోంచే నార కలిసేలా ముక్క కోసి అతికాడు. పట్టీని జిగురుతో గాడిలో కూర్చి, నాడాతో పెట్టెంతా చుట్టి రెండు రోజులుంచాడు. నాడా విప్పాక అంచు చుట్టూ గోరు జరిపి చూశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

మెడ అతికి తీగలు బిగించాక, ఆగస్టులో సత్యకుమారి షెడ్డులోనే కూర్చుని వాయించింది. చంద్రరావు చేతులు కట్టుకుని విన్నాడు. బాగుందో లేదో ఆయనకి తెలియలేదు. ఆమె ఆపకుండా ఇంకో పాట ఎత్తుకుంటే, బాగానే ఉండి ఉంటుందనుకున్నాడు.

ఆ నెల్లోనే ఇద్దరు కాలేజీవాళ్లు వచ్చి తమకీ చేసిపెట్టమన్నారు. ధవళేశ్వరంలో ఒకరింటికి ద్వారబంధాలు ఒప్పుకున్నాననీ, దసరా వెళ్లాక రమ్మనీ చెప్పి పంపాడు.