వెనక్కి తెచ్చిన స్టవ్వు

తొంభైల నడుమ నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. కిరోసిన్ స్టవ్వులు పరీక్షించడం మా పని. జీతాలూ సామానూ అన్నీ ఒక నిధి నుంచి వచ్చేవి. కిరోసిన్ వ్యాపారులూ, స్టవ్వులు చేసే కంపెనీలూ ఆ నిధికి చందా కట్టి తీరాలని చట్టం. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో కూడా ఆ చట్టమే చెప్పింది: పరిశోధనకు, మెకానిక్కుల శిక్షణకు, జనానికి జాగ్రత్తలు చెప్పడానికి. ఎవరికీ ఏ వస్తువూ ఊరికే ఇవ్వకూడదు. వ్యాపారులు ఆ సొమ్ముతో తమ సరుకు అంటగడతారేమోనని పెట్టిన షరతు అది. మంచి షరతేనని నేనూ అనుకునేదాన్ని.

ఒరిగితే మంట దానంతటదే ఆరిపోయే ఒత్తుల స్టవ్వు ఒకటి మేం తయారుచేశాం. ఇళ్లలో ఎలా పనిచేస్తుందో చూడడానికి బొమ్మనహళ్ళిలో కొన్ని కుటుంబాలకు ఏడాదిపాటు వాడుకోవడానికిచ్చాం. అక్కడ చాలామంది మా అనంతపురం వైపువాళ్లే కావడంతో ప్రయోగశాల పెద్ద, మా సార్, నన్ను పంపించారు.

ఆ కుటుంబాల్లో ఒకామె ఒక వఠారంలో చివరి గదిలో ఉండేది. గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. భర్త తాపీ మేస్త్రీ. నేను నెలకోసారి వెళ్లి ఎంత కిరోసిన్ నూనె కాలిందో, పొగ వస్తోందో లేదో రాసుకునేదాన్ని. ఆమె మాత్రం నా ముఖం చూడగానే, "తిన్నావా అక్కా?" అనేది. లేదంటే ఊరుకునేది కాదు. మా స్టవ్వు మీదే కాల్చిన రొట్టె, శనగ్గింజల చట్నీ పెట్టి, కింద కూచుని నా కాగితాల్లోకి వంగి చూసేది. "నా వంట గురించి అంత రాస్తావుండావే, ఉప్పు ఎక్కువైందని కూడా రాస్తావా?" అని నవ్వేది.

ఏడాది అయింది. స్టవ్వులు వెనక్కి తీసుకోవాల్సిన రోజు నేనూ డ్రైవరూ జీపులో వెళ్లాం. ఆమె స్టవ్వును బూడిదతో తోమి తళతళా మెరిసేలా పెట్టింది.

"ఇంకొన్ని దినాలు ఉండనీ అక్కా. పాత పంపు స్టవ్వు వాషరు పోయిండాది, నూనె కారతా ఉండాది. బోనస్ వస్తానే కొత్తది తెచ్చుకుంటాం," అంది.

సార్‌కు ఫోన్ చేయడానికి వీధి చివర బూత్‌కు వెళ్లాను. ఆయన చెడ్డవారు కాదు. నేను చెప్పింది పూర్తిగా విన్నారు.

"అది నిధి సొత్తమ్మా. వదిలేస్తే ఊరికే ఇచ్చినట్టే లెక్క. మినహాయింపు కావాలంటే కమిటీ ఒప్పుకోవాల. వాళ్లు కూచునేది మూడు నెలలకొకసారి. నేనేం చేసేది చెప్పు?"

పాడైపోయిందని రాసి వదిలేయవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది. కానీ పాడైనవైనా తెచ్చి చూపించాలి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తిరిగి వెళ్లి, ఆమె చేతిలోంచి స్టవ్వు తీసుకున్నాను. ఆమె జీపు దాకా వచ్చి, "ఒత్తులు కొత్తవి ఏసినాను, చూసుకో," అని మాత్రం చెప్పింది.

నెల తిరక్కుండానే ఆమె భర్త పీణ్య దాకా వచ్చాడు. ఫ్యాక్టరీకి టైమవుతోందని ఆమె పొద్దున్నే ఆ పాత స్టవ్వుకు పంపు కొడుతుంటే నూనె చిమ్మి చీర అంటుకుందట. సాయమేమైనా దొరుకుతుందేమోనని అడగడానికి వచ్చాడు. నేను సార్ గదిలోకి వెళ్లాను. ఆయన చట్టం పుస్తకం తెరిచి ఆ షరతున్న పేజీ నాకు చూపించబోయి, మళ్లీ మూసేశారు. జేబులో ఉన్నదంతా తీసి నా చేతిలో పెట్టారు. నా దగ్గరున్నదీ కలిపి అతనికిచ్చాను. మందులకు రెండు రోజులైనా రాని డబ్బు అది.

ఆసుపత్రిలో ఆమెను ముఖం చూసి గుర్తుపట్టలేకపోయాను. గొంతు మాత్రం ఆమెదే.

"నువ్వేం చేస్తావులే అక్కా. నీది కాదు గదా అది," అంది.

ఆ వారమే చనిపోయింది.

ప్రమాదాల మీద పరిశోధనకు నిధి అనుమతి ఉంది. అందుకని నివేదిక రాసే పని నాకు అప్పగించారు. ఆమె ఇంటి నుంచి తెప్పించిన ఆ నల్లబడిన పాత స్టవ్వును టేబుల్ మీద పెట్టి కొలిచాను, ఫొటోలు తీయించాను, వాషరు అరిగిందని రాశాను. దాన్నుంచి జాగ్రత్తల పుస్తకం ఒకటి కన్నడంలో, తెలుగులో అచ్చయింది. అదీ అనుమతి ఉన్న ఖర్చే. ఆ పుస్తకాలు పంచడానికి అదే వఠారానికి వెళ్లాను. చివరి గదిలో వేరేవాళ్లు ఉన్నారు. ఆమె భర్త ఊరికి వెళ్లిపోయాడన్నారు.

మరుసటేడు ఇంకో పేటలో ఇంకో స్టవ్వు పరీక్ష పెట్టారు. ఈసారి మొదటి ఇంట్లోనే చెప్పాను, ఏడాది కాగానే వెనక్కి తీసుకెళ్తామని. ఆ ఇంటి పెద్దావిడ స్టవ్వును ఒకసారి తాకి చూసి చెయ్యి తీసేసింది.

"అట్లైతే ఎందుకు ఇచ్చేదమ్మా?" అంది.

స్టవ్వును ఆమె పొయ్యి గట్టు మీద పెట్టాను. ఫారం మీద ఆమె వేలిముద్ర తీసుకుని పక్కింటికి వెళ్లాను. ఇళ్లలోకి గ్యాస్ వచ్చి, చందాలు ఎండిపోయి, ఆ ప్రయోగశాల మూతబడేదాకా అదే పని చేశాను.