జవాబు రాకూడని ప్రశ్న

ఎనభైల్లో ఒకసారి యూనివర్సిటీ నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా హైస్కూలుకి వచ్చారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరే టీచర్లకి బీఎడ్ చదువు ఎంతవరకు పనికొస్తోందో తేల్చడానికి కోనసీమలో బళ్ళు తిరుగుతున్నారట. నన్ను హెడ్మాస్టరు గారి గదిలోకి పిలిచి, పక్కన ఆయన్ని కూడా కూర్చోబెట్టుకుని, "ట్రెయినింగు మీకు ఉపయోగపడిందా అమ్మా?" అని అడిగారు. "చాలా బాగా ఉపయోగపడిందండి" అన్నాను. రాసుకున్నారు. కొబ్బరినీళ్ళు తాగి, జొన్నాడ మీదుగా పోయే బస్సెక్కి వెళ్ళిపోయారు. నేను అబద్ధం ఆడలేదు. దేనికి ఉపయోగపడిందో వాళ్ళు అడగలేదు, అంతే.

మా నాన్నగారు రాజోలు దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి మాస్టారు. మా తాతగారు ఇతరుల చేలో కూలికి వెళ్ళి, ఆదివారం గుడిలో పాటలు పాడి, కొడుకు చేత పలక పట్టించిన మనిషి. నాన్నగారి చేతికింద చదువుకున్న వాళ్ళు తాలూకా ఆఫీసుల్లో గుమాస్తాలయ్యారు. కానీ ఆయనకి ట్రెయినింగు లేదు. అందుకని, ట్రెయినింగు ఉన్న కుర్రమాస్టరు కుర్చీలో కూర్చుని మాట్లాడితే ఈయన నిలబడి వినేవారు. ఆయన నన్ను బీఎడ్‌లో చేర్చింది ఆ కుర్చీ కోసమే. మా ఊరికి దగ్గర్లో ఒక హైస్కూల్లో సైన్సు పోస్టు ఖాళీ ఉంది. పాసై వస్తే ఆ పోస్టు నాకేనని ఆ బడి నడిపే కరస్పాండెంటు గారు మాట ఇచ్చారు.

కాలేజీలో మాకు నేర్పిన విద్యల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి ప్రశ్న. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకి తెలిసిన సంగతుల మీద కొన్ని ప్రశ్నలు వేయాలి. వాళ్ళు టకటకా చెప్పాలి. చివర ఒక ప్రశ్న మాత్రం వాళ్ళకి రానిది వేయాలి. అందరూ తెల్లమొహాలు వేస్తారు. అప్పుడు మనం చిరునవ్వు నవ్వి, "సరే పిల్లలూ, దాని గురించి ఈ రోజు తెలుసుకుందాం" అని బోర్డు మీద పాఠం పేరు రాయాలి. దీన్ని శీర్షికా ప్రకటన అనేవారు. పెళ్ళిలో తాళి కట్టే ఘట్టానికి ఉన్నంత మర్యాద దానికి ఉండేది. ఎండలో నడిచొచ్చిన పిల్లవాడు క్లాసులో సోలిపోతే ఏం చేయాలో మాత్రం ఏ లెక్చరరూ చెప్పలేదు. వాళ్ళకీ తెలియదనుకుంటాను. వాళ్ళలో చాలామంది బడి గుమ్మం తొక్కి ఏళ్ళయింది.

పాఠాలు చెప్పడం ప్రాక్టీసు చేయడానికి మమ్మల్ని అమలాపురంలో ఒక హైస్కూలుకి పంపారు. ఏటా ట్రెయినింగు వాళ్ళు వచ్చి పడే బడి కనుక, ఆ పిల్లలు మాకంటే ఆరితేరిపోయారు. మొదటి ప్రశ్నలకి అందరూ చేతులెత్తేవారు. ఆఖరి ప్రశ్న వినగానే తలలు దించేసేవారు. కొందరు బుర్ర గోక్కునేవారు కూడా. వాళ్ళ క్లాసు మాస్టారు ఏడాది మొదట్లోనే ఈ పాఠం చెప్పి ఉంచేవారు. "ఆఖరి దానికి ఎవరైనా చెయ్యెత్తేరంటే ఆ చెయ్యి ఇంటికి తీసికెళ్ళరు, ఆయ్" అనేవారు. మొదటిసారి చూసి నవ్వుకున్నాను. తర్వాత హాయిగా ఉందనిపించింది.

పరీక్ష రోజున బయటి నుంచి ఎగ్జామినరు వచ్చారు. ఆయనకి భోజనం పెట్టే భాగ్యం ట్రెయినింగు వాళ్ళదే. పనసపొట్టు కూర, పూతరేకులు, గడ్డపెరుగు. కూరలో ఆవ ఘాటెక్కిందని మా లెక్చరరు గారు పడ్డ కంగారు, మా పాఠాల గురించి ఏనాడూ పడలేదు.

నాకు ఇచ్చింది ఎనిమిదో తరగతి. పాఠం బాష్పీభవనం. తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారు? దండెం మీదండి. సాయంత్రానికి ఎలా ఉంటాయి? ఆరిపోయి ఉంటాయండి. అంతా సవ్యంగా నడిచింది. ఆఖరి ప్రశ్న వేశాను. "మరి ఆ బట్టల్లో నీళ్ళు ఏమయ్యాయి?"

తలలన్నీ దిగాయి. ఒక్క చెయ్యి లేచింది. వాడపల్లి వైపు నుంచి ఆ వారమే వచ్చి చేరిన పిల్ల. బడి ఆచారం ఎవరూ చెప్పలేదు దానికి.

"గాలిలోకి పోయేయండి" అంది. "వానాకాలం మా అమ్మమ్మ ఇంట్లో ఆరేస్తదండి. ఎండ లేకపోయినా పోతాయండి. గాలి తగిలితే చాలండి."

క్లాసంతా అటు తిరిగి, పామును చూసినట్టు చూసింది. కూర్చోమని, వినబడనట్టు నటించి, నవ్వి, శీర్షిక రాసేస్తే సరిపోయేది. కానీ నాకు ఆ జవాబు నచ్చింది. "ఎండ లేకుండా ఎలా పోతాయి?" అని అడిగాను. ఇంకొకడు లేచి, "మరి మా కాలవలో నీళ్ళు ఎందుకు పోవండి?" అన్నాడు. "పోతాయి, పైనుంచి మళ్ళీ వస్తాయి" అని మూడోది. వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. నేను తెచ్చిన చార్టు గోడకి అలాగే వేలాడింది. బోర్డు నల్లగా ఉండిపోయింది. గంట కొట్టేదాకా నాకు ఎగ్జామినరు గుర్తే రాలేదు. పిల్లలతో అంత సంతోషంగా ఉన్న గంట నాకు అంతకు ముందు లేదు.

బయటికి రాగానే ఎగ్జామినరు గారు మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నారు. "వాళ్ళకి తెలిసిందే చెప్పడానికి మీరెందుకండి?"

మా లెక్చరరు గారు ఇంకా మర్యాదస్తుడు. నా వెనకే వచ్చి, "మీ నాన్నగారు ట్రెయినింగు లేని మాస్టారు కదండీ? అచ్చం అలాగే చెప్పేరు" అన్నారు. చుట్టూ ఉన్న మా తోటి ట్రెయినింగు వాళ్ళు నవ్వారు. ఆ నవ్విన వాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ప్రాక్టికల్స్ పోయాయి. కరస్పాండెంటు గారు దయ తలచి ఇంకో ఏడాది చూస్తామన్నారు. ఆ తర్వాత వేరేవాళ్ళని వేసుకుంటామన్నారు. నాన్నగారు జరిగిందంతా విని ఒకటే అడిగారు.

"ఆ పిల్ల చెప్పింది తప్పా?"

"కాదండి."

"మరి?"



మరుసటేడు మళ్ళీ అదే బడి. ఆ పిల్లలే తొమ్మిదిలోకి వచ్చారు. వాళ్ళ మాస్టారు కూడా వాళ్ళతోనే వచ్చారు. నన్ను చూడగానే, "ఈసారి భయం లేదండి, దాన్ని దారిలో పెట్టేను" అన్నారు. ఎలా పెట్టారో పక్కపిల్లలు చెప్పారు. ట్రెయినింగు వాళ్ళ పాఠాలు జరిగిన రోజులన్నీ దాన్ని వరండాలో గోడకుర్చీ వేయించారట. కాళ్ళు వణికి పడిపోతే లేపి మళ్ళీ వేయించారట. కొన్నాళ్ళకి అది లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం నేర్చుకుంది.

ఈసారి నా పాఠం ఇనుము తుప్పు పట్టడం. మొదటి ప్రశ్నలు అయ్యాయి. ఆఖరిది వేశాను. "నూనె రాసి దాచిన కత్తికి తుప్పు పట్టదు, బయట పడేసిన కత్తికి పడుతుంది. ఎందుకని?"

తలలు దిగాయి. నేను వెనక బెంచీ వైపే చూశాను. దానికి తెలుసు. ఆ మొహం చూస్తే తెలిసిపోతోంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. గుమ్మం దగ్గర వాళ్ళ మాస్టారు నిలబడి ఉన్నారు. నోరు విప్పకు తల్లీ అని నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. విప్పలేదు. చిరునవ్వు నవ్వి బోర్డు మీద శీర్షిక రాశాను. ఎగ్జామినరు గారు తృప్తిగా తల ఊపారు. ఫస్టు క్లాసు వచ్చింది.

పరీక్ష అయ్యాక ఆవరణలో కుళాయి దగ్గర అది నీళ్ళు తాగుతుంటే వెళ్ళాను.

"తుప్పు ఎందుకు పడుతుందో నీకు తెలుసు కదూ?"

"తెలీదండి."

"ఇక్కడెవరూ లేరమ్మా. పరీక్ష అయిపోయింది. నాకు చెప్పు."

అది నా మొహం చూడలేదు. "తెలీదండి. మీరు చెప్తే తెలుసుకుంటామండి" అంది. క్లాసులో అందరూ కలిసి చెప్పే మాట అది. మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది.

జూన్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు నాన్నగారు నాతో వచ్చారు. స్టాఫు రూములో ఎవరో కుర్చీ జరిపి, "కూర్చోండి మాస్టారూ" అన్నారు. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. కాసేపటికి నా వైపు వంగి, మెల్లగా అడిగారు.

"ఆ వాడపల్లి పిల్ల ఎలా ఉంది?"

"బుద్ధిగా ఉందండి" అన్నాను.