పడవ అంచున నా చోటు

మా నర్మెట్ట సిస్టరమ్మ పోయింది. పోయిందని మాకు ఎవరూ కబురు చెయ్యలె. ఆమె పోయేటప్పుడు మేం తొమ్మిదిమందిమి ఆమె ఎదురుంగనే కూసున్నం. కండ్లు మూసుకొని.

ఇరువై రోజులైంది. ఇప్పటికీ నమ్మబుద్ధి అయితలేదు. మా చర్చి సంఘం పత్రికల నాలుగు మాటలు రాయమని పాస్టరు అయ్యగారు అడిగితే, నోటితోని చెప్పుడుకంటె ఇదే నయమని ఒప్పుకున్న. ఊరి బళ్లె ఐదు దాక చదివినోణ్ని. తప్పులుంటే మన్నించుండ్రి.

సిస్టరమ్మ మఠంల ఉండే సిస్టర్ కాదు. మిషన్ దవాఖానల నర్సు పని చేసి రిటైరైనామె. ఊళ్లె సగం మందికి ఆమె చేతి సూది తెలుసు. అందుకే అందరికీ సిస్టరమ్మనే.

మా ఇంటి కూడికలల్ల ఒక అలవాటున్నది. వరుసగ అందరూ గొంతెత్తి ప్రార్థన చెయ్యాలె. నా వంతు దగ్గరికొస్తుంటె నేను మెల్లగ లేసేటోణ్ని. పక్కాయన ఆమేన్ అనేలోపల నేను బయట చెప్పుల కాడ ఉండేటోణ్ని. బీడీకి పోయిండనుకునేటోళ్లు. నాకు బీడీ అలవాటే లేదు. ఒకనాడు సిస్టరమ్మ నా ఎనుకనే బయటికొచ్చింది.

"ఏంది తమ్మీ, అందరు లోపలుంటె నువ్వొక్కనివి గోడకు ఆనుకున్నవ్?"

"నాకు మాటలు రావు సిస్టరమ్మా."

"దేవునికి వినపడాలంటె నోరే కావాల్నా? శుక్రారం మా ఇంటికి రా. మాట్లాడేది నేను. నువ్వు కూసుంటె చాలు."

ఆ కూసునుడు ఎట్లుండేదో చెప్త. పగటి అన్నం తిన్నంక ఆమె అరుగు మీద చాపలు పరిచేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు గనుక కుర్చీల కూసుండేది, చెప్పులు కుర్చీ కింద జంటగ పెట్టుకొని. ముందుగాల ఊపిరి చూసుకోమనేది. "లోపలికి పోయేది ఆయన ఊదింది. బయటికొచ్చేది నీ పరేషాన్" అనేది. ఆ తర్వాత వాక్యంల ఒక ముచ్చట పట్టుకొని మెల్లగ నడిపిచ్చేది. ఎక్కువసార్లు తుఫానుల పడవే. శిష్యులందరు వణుకుతుంటె ప్రభువు నిద్రపోయిన ముచ్చట.

"పడవ ఎక్కుండ్రి. చెక్క తడిగున్నది, కాళ్లు పైలం. గాలి లేస్తున్నది. నువ్వు ఎక్కడ కూసున్నవ్? ఆయన ఎక్కడ పండుకున్నడు? ఆయన దిక్కు చూడు."

అని ఊకునేది. ఆ ఊకున్న సేపే ప్రార్థన. కొంచెం సేపైనంక చేతి గడియారం చూసుకొని "ఇగ తెరువుండ్రి" అనేది. ఆమె అనేదాక ఎవరూ తెరువొద్దు. "మధ్యల తెరిస్తె పక్కోళ్ల పడవ మునుగుతది" అని నవ్వేది.

అయినంక ఒక్కొక్కరిని అడిగేది. మా ఇంటామె అన్నది, "నేను చెంబుతోని నీళ్లు తోడి బయట పోస్తున్న సిస్టరమ్మా."

"ఓ చెల్లే, పడవల గూడ నీకు పనేనా? చెంబు కింద పెట్టి కూసో!"

అందరు నవ్విండ్రు. సిస్టరమ్మ నా దిక్కు చూస్తే నేను తల వంచుకొని, "నేను అంచున కూసున్న. ఆయన కాడికి పోబుద్ధి కాలె" అన్న.

"అంచునైతేంది, పడవలనే ఉన్నవ్ గద" అన్నది.

ఆ ఒక్క మాట నన్ను రెండేండ్లు బతికిచ్చింది. ఇవి తెలంగాణ కొట్లాట రోజులు. నా కొడుకు, లేక లేక పుట్టినోడు, జనగామల డిగ్రీ. పొద్దున లేస్తె రాస్తారోకో, ధర్నా. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నరని టీవీల వస్తుంటె, వాడు ఫోను ఎత్తకపోతే నాకు గుండె దడ. దవాఖానల గోలీలు ఇచ్చిండ్రు. సిస్టరమ్మ ఆ చీటీ చూసి, "గోలీలు మానకు. దడకు గోలీ, భయానికి పడవ. రెండూ కావాలె" అన్నది.

మొదట్ల అయ్యగారికి నచ్చలె. కండ్లు మూసుకొని ఊపిరి చూసుకునుడు మన పద్ధతేనా అని అడిగిండు. "అయ్యగారూ, మీరు మైకుల చెప్పింది వాళ్ల చెవుల దాక వస్తది. నేను దాన్ని జర లోపలికి జరుపుతున్న, గంతే" అన్నది. పై వారం ఆయన గూడ వచ్చి చాప మీద కూసున్నడు.

ఇగ ఆ శుక్రారం. ఆ రోజు బంద్. నా కొడుకు జనగామల రోడ్డు మీదున్నడు. మేం ఎప్పటి తీరుగనే కూసున్నం. "గాలి లేస్తున్నది... ఆయన దిక్కు చూడు" అని ఊకున్నది. అప్పుడే రోడ్డు మీద డప్పులతోని ఊరేగింపు వచ్చింది. జై తెలంగాణ అని కేకలు. డప్పులు దూరం పోయేదాక ఆగుతున్నదనుకున్నం. డప్పులు పోయినయ్. అయినా ఆమె తెరువమనలె. ఈసారి ఎక్కువ సేపు కూసుండబెడుతున్నదనుకున్నం. మా ఇంటామె మోచేతితోని పొడిచింది. నేను కదలలె.

నా జేబుల ఫోను మోగింది. నా కొడుకే కావొచ్చు. అది చూసేతందుకు కండ్లు తెరిచిన.

సిస్టరమ్మ తల భుజం మీదికి వంగున్నది. నోరు జర తెరిచున్నది. చెయ్యి కుర్చీ పక్కకు వేలాడుతున్నది. చూడంగనే నాకు తెలిసింది.

ఆమె ఎదురుంగ ఎనిమిదిమంది కండ్లు మూసుకొని, నిమ్మళమైన మొఖాలతోని కూసున్నరు. ఎవరో ఒకరు చెప్పాలె. తెరిచింది నేనొక్కణ్నే. నోరు తెరిచిన, గొంతు రాలె. అప్పుడు నేనేం చేసిన్నో ఎవరికీ చెప్పలె. మా ఇంటామెకు గూడ ఇది చదివినంకనే తెలుస్తది. నేను మళ్ల కండ్లు మూసుకున్న.

ఎంత సేపో తెల్వదు. ఫోను మోగి మోగి ఆగింది. మా ఇంటామె కేకతోనే అందరు తెరిచిండ్రు.

డాక్టరు చూసి, గుండె ఒక్కసారే ఆగింది, పక్కన ఎవరున్నా ఏం చెయ్యలేకపోదురన్నడు. ఆ మాట నా చెవుల దాకనే వచ్చింది. ఆ రోజు సంది కండ్లు మూస్తే ఆ వంగిన తలనే. ప్రార్థన లేదు, పడవ లేదు.

మొన్న శుక్రారం అందరం మళ్ల అదే అరుగు మీద కూడినం. కుర్చీ అట్లనే ఉన్నది. దాని కింద చెప్పులు గూడ, ఎవరూ తియ్యలె. ఎవరూ కండ్లు మూస్తలేరు. ఒకరి మొఖాలు ఒకరు చూసుకుంటున్నరు. నా కొడుకు గూడ వచ్చి నా పక్కన కూసున్నడు. "బాపూ, ఆమె ఏమనేదో నువ్వే చెప్పరాదు" అన్నడు.

లేసి చెప్పుల కాడికి పోదామనిపిచ్చింది. కుర్చీ కింది ఆ జంట చెప్పులు చూసి ఆగిన.

"పడవ ఎక్కుండ్రి" అన్న. నా గొంతు నాకే కొత్త. "చెక్క తడిగున్నది. పైలం."

అందరు మూసిండ్రు. నేను గూడ మూసిన. గాలి లేసింది. వంగిన తల కనపడతదని భయపడ్డ. కనపడలె. అంచు కాడికి పోయిన. నా చోటుల సిస్టరమ్మ కూసున్నది, ఉత్త కాళ్లతోని, నిటారుగ. నా దిక్కు ఒక్కసారి చూసింది. ఆడ ఇద్దరికి జాగ లేదు.

ఆయన పండుకున్న దిక్కు నేను జర లోపలికి జరిగిన.