కందిపప్పును గోడకు పెట్టిన

నా తెలివి నన్నే ముంచింది! నవ్వద్దు మల్ల, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మానుకోట బజార్ల మా కిరాణం దుకాణం మీకెరుకే గద. మా నాయిన కాలం సంది కౌంటర్ ఎనుక కూసోని పొట్లాలు కట్టుడే. మొన్నటి ఎండాకాలం హన్మకొండల ఒక సూపర్‌ మార్కెట్ చూసిన. ఉప్పు, పప్పు అన్నిటికంటె ఎనుక! ఆ ఎనుక గోడ దాక నడిచేలోపట బిస్కెట్లు, సబ్బులు, పచ్చళ్లు చేతికి తగుల్తనే ఉంటయ్. గిదా కిటుకు అనుకున్న. ఇంటికొచ్చి కౌంటర్ పీకించిన, ర్యాకులు కొట్టించిన, కందిపప్పు డబ్బను తీస్కపోయి ఎనుక గోడకు పెట్టిన.

ఒక్కలన్న లోపలికొస్తే ఒట్టు! అందరు గడపకాడ్నే నిలవడుడు.

"షావుకారీ, అర్ధకిలో పప్పు!"

"లోపలికి రా అవ్వా, నీ చేతుల్తోనే తీస్కో."

"నాకెందుకు బిడ్డా, నువ్వే తే."

పొద్దంత ముందుకు, ఎనుకకు ఉరికేది నేనే. మోకాళ్లు పోయినయ్! మా ఇంటామె సరోజ ఖరాఖండిగ చెప్పింది: "దసరా దాక చూస్త. జనం లోపలికి రాకుంటె మల్ల కౌంటర్ పెట్టియ్యాలె." తలకాయ కొట్టేసినట్టయింది.

గంతల బంద్ వచ్చింది. తెలంగాణ కోసమని బజార్ల రోడ్డు మీదనే వంటావార్పు. నేను సగం షట్టర్ దించి కూసున్న. మా వాడకట్టు సారు పదిమందిని ఎంబడేసుకొని వచ్చిండు.

"అన్నా, పప్పుచారుకు జర కందిపప్పు, ఉప్పు ఇస్తవా? చందా అనుకో."

తెలంగాణ అంటె నాకు పానం. పైగ అందరి ముంగట అడిగె. షట్టర్ పైకి లేపి గొంతు పెంచిన: "అడుగుడేంది సార్! దుకాణం మీది. లోపలికి పోయి ఏం కావాల్నో మీరే తీస్కోండ్రి!"

నా మనసుల పప్పు, ఉప్పు. గంతే.

పోయిండ్రు. గోడ దాక పోయిండ్రు! పోంగ పోంగ ఒకాయన మామిడికాయ తొక్కు సీస పట్టిండు. "అరె, అప్పడాలు గూడ ఉన్నయ్!" అని ఇంకొకాయన. నెయ్యి, బిస్కెట్లు, చాయ్‌పత్త... ఆఖరికి సబ్బులు!

"సబ్బులెందుకు సార్?"

"బోళ్లు తోమద్దా అన్నా?"

ఇగ వద్దని ఎట్లనాలె? మీదే అన్నది నేనే గద! హన్మకొండోని కిటుకు మా దుకాణంల గంత మంచిగ పనిచేసింది. ఎటొచ్చి పైసలే రాలె.

పగటీలి బువ్వకు నన్ను ముందు బంతిల కూసోబెట్టిండ్రు. సారు మైకుల నా పేరు చెప్తె చప్పట్లే చప్పట్లు. నా తొక్కు నాకే వడ్డించి, "జర ఏస్కో అన్నా, మస్తున్నది" అన్నరు. కోపంతోని రెండుసార్లు ఏయించుకున్న.

ఇంట్లకు రాంగనే సరోజ అన్నది: "జనం లోపలికి రావాలంటివి, వచ్చిండ్రు. మంచిగైంది. ఇగ మనకు గూడ పప్పుచారు చేస్త, జర కందిపప్పు పట్కరా పో."

పోయిన. బిస్కెట్ల ర్యాకు దాటిన, సబ్బుల ర్యాకు దాటిన, గోడ దాక పోయి డబ్బ మూత తీసిన. అడుగు కనవడ్డది.

ఆ ర్యాకుల నడుమ నడిచి ఉత్త చేతుల్తోని బయటికొచ్చినోన్ని ఇప్పటిదాక నేనొక్కన్నే.